ఇచిరోనా, బాండ్సా? యావరేజ్ చెప్పని 232 సార్లు

ముందు ఒక కరెక్షన్. పోయిన ఎపిసోడ్‌లో "2004 బేస్‌బాల్ సీజన్‌లో బెస్ట్ హిట్టర్ ఇచిరో సుజుకీయే, యావరేజ్ చూస్తే చాలు" అని గట్టిగా చెప్పా కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎందుకో చెప్తా.

ఆ ఏడాది సియాటిల్ మెరైనర్స్ తరఫున ఇచిరో 262 హిట్లు కొట్టాడు. 1920లో జార్జ్ సిస్లర్ పెట్టిన 257 రికార్డు 84 ఏళ్లకి బద్దలైంది. యావరేజ్ 0.372. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు బ్యారీ బాండ్స్‌ది 0.362. ఇచిరోనే పైన, ఇంక మాట్లాడేదేముంది అనుకున్నా.

కానీ బాండ్స్ బ్యాటింగ్‌కి వచ్చింది 617 సార్లు. యావరేజ్ లెక్కలో ఉన్నవి 373 మాత్రమే! మిగతా 244లో 232 వాక్‌లు. పిచ్చర్ స్ట్రైక్ జోన్ బయట నాలుగు బాల్స్ వేసి, బ్యాటర్ టెంప్ట్ అవ్వకుండా వదిలేస్తే ఫస్ట్ బేస్ ఇచ్చేస్తారు. అదే వాక్. రూల్ ప్రకారం అది 'ఎట్ బ్యాట్' కిందకి రాదు. అంటే లెక్క మొదలుపెట్టకముందే ఫిల్టర్ పెట్టి దాదాపు 40 శాతం డేటా తీసేశామన్నమాట.

"క్రికెట్‌లో వైడ్ కూడా బ్యాటర్ ఖాతాలో పడదు కదా బ్రో" అంటారేమో. నిజమే. కానీ వైడ్ పడ్డాక బ్యాటర్ మళ్లీ అదే బాల్ ఆడాలి. వాక్ వస్తే ఆ టర్న్ అవుట్ లేకుండా ముగుస్తుంది, మనిషి బేస్ మీద ఉంటాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో టీమ్ చేతిలో ఉండేవి 27 అవుట్లే. కాబట్టి అవుట్ అవ్వకపోవడం హిట్టర్ మొదటి పని.

అది కొలిచేది ఆన్ బేస్ పర్సెంటేజ్. ఇచిరో 0.414, బాండ్స్ 0.609. పదిసార్లు వస్తే ఆరుసార్లు బేస్ మీద ఉన్నాడు!

మా ఫ్రెండ్ ఒకడు ఒప్పుకోలేదు. "అందులో 120 ఇంటెన్షనల్ వాక్‌లు రా. అవతలి టీమే కావాలని ఇచ్చింది. వీడి గొప్పేంటి?" అన్నాడు. మరి ఎందుకిచ్చారు? 45 హోమ్ రన్లు కొట్టినోడికి బాల్ వెయ్యాలంటే భయం! వాడి రెండో పాయింట్ మాత్రం కరెక్ట్. సెకండ్ బేస్‌లో రన్నర్ ఉంటే హిట్‌తో అతను స్కోర్ చెయ్యొచ్చు, ఫస్ట్ ఖాళీగా ఉంటే వాక్‌తో కదలడు. 1887లో ఒక్క సీజన్ వాక్‌ని హిట్‌గానే లెక్కేసి, తర్వాత ఆ రూల్ తీసేశారు. రెండూ సమానం కాదు, ఒప్పుకుంటా. అలాగని వాక్ విలువ సున్నా అంటే ఎలా? ఇంకోటి, యావరేజ్‌కి సింగిల్, హోమ్ రన్ రెండూ ఒకటే. ఇచిరో 262లో 225 సింగిల్సే.

బాండ్స్ చుట్టూ స్టెరాయిడ్స్ వివాదం ఉంది, అది వేరే ఎపిసోడ్. ఇక్కడ పాయింట్ కొలత గురించి.

ఈ కొలత మీద కెరీర్లు ఆధారపడతాయి. మోచేతి నరం దెబ్బతిని స్కాట్ హాటెబర్గ్ క్యాచర్‌గా ఆడలేని పరిస్థితి వచ్చింది. ఓక్లాండ్ అతని ఆన్ బేస్ చూసి తీసుకుని, ఫస్ట్ బేస్‌లో నిలబెట్టింది. 2002 సెప్టెంబర్ 4న వరుసగా 20వ విజయం తెచ్చిన హోమ్ రన్ అతనిదే. 'మనీబాల్' సినిమాలో చూసే ఉంటారు.

అందుకే ఇకపై ఎవరైనా ఒక నంబర్ చూపిస్తే, ముందు ఇది అడగండి: ఇందులోంచి ఏం తీసేశారు? పోయినసారి నేను అడగలేదు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!