ఏ కాలంలో పుడితే మేలు? (భండారు అచ్చమాంబ స్మారకోపన్యాసం)



ఆడవాళ్లు నలుగురు తీరిగ్గా కూర్చున్నచోట ఎప్పుడో ఒకప్పుడు ఈ ముచ్చట వస్తుంది: వెనకటి కాలాల్లో ఏదో ఒకదానిలో బతికే వరం దొరికితే ఏది కోరుకుంటావు? ఒకావిడ కాకతీయుల కాలం అంటుంది, రుద్రమదేవి గుర్తొచ్చి. ఇంకొకావిడ రాయలవారి కాలం అంటుంది, అంగట్లో రత్నాలు రాశులు పోసి అమ్మారన్న కథ గుర్తొచ్చి. సినిమా చూసి వచ్చినవాళ్లయితే ఏకంగా సాతవాహనుల దాకా వెళ్తారు. అందరూ అంతఃపురంలోకే దిగుతారు. ఆ కోటలో వడ్లు దంచే మనిషిగా పుడతానని మాత్రం ఎవరూ అనరు.

భండారు అచ్చమాంబ గారి పేరిట కూడిన సభలో ఈ ముచ్చటను కాస్త గట్టిగా పట్టుకోవడం సముచితమే. తెలుగులో స్త్రీల చరిత్రను ఒక స్త్రీ తలకెత్తుకోవడం ఆవిడతోనే మొదలైంది. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, పదేళ్లకే పెళ్లయింది, బడిలో కూర్చున్న పాపాన పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి చదువు పట్టుకున్నారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించారు. అదే ఏటి జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరం వచ్చిన ఆడవాళ్లు వెయ్యికి ఆరుగురు. ఎవరి గురించి రాశారో వాళ్లలో వెయ్యికి తొమ్మిదివందల తొంభైనాలుగు మంది చదవలేని పుస్తకం అది.

ఆవిడ తన ఉద్దేశం దాచుకోలేదు. ఆడవాళ్లకు బలం లేదు, తెలివి లేదు, చదివితే చెడిపోతారు అన్న మాటలకు చరిత్రలోంచి జవాబు తేవాలి. అందుకని రాణులనూ పండితురాళ్లనూ కవయిత్రులనూ కోర్టులో సాక్షుల్లా వరసగా నిలబెట్టారు. మొదటి భాగంలో చరిత్రకు అందిన భారత స్త్రీలు, రెండో భాగంలో వేద పురాణ బౌద్ధ కాలాలవాళ్లు, మూడో భాగంలో పరదేశపు స్త్రీలు అనుకున్నారు. అనుకున్నదంతా పూర్తి కాకుండానే 1905లో కన్నుమూశారు.

ఆ రోజులకు ఆ వాదన అవసరం. అయితే రుజువు కోసం ఏరిన మనుషులు సహజంగానే పైమెట్టు మీదివాళ్లవుతారు. తర్వాత వచ్చిన పండితులకైతే అదే అలవాటుగా మారింది. 1938లో ఎ.ఎస్. అల్టేకర్ హిందూ నాగరికతలో స్త్రీ స్థానం మీద రాసిన గ్రంథం వేదకాలాన్ని శిఖరం మీద కూర్చోబెట్టింది. ఆ తర్వాతిదంతా దిగుడే. అర్ధశతాబ్దం గడిచాక, 1989లో, ఉమా చక్రవర్తి ఒక వ్యాసానికి పేరుగా ఒక ప్రశ్ననే పెట్టారు: వేదకాలపు దాసి ఏమైపోయింది? గార్గి తెలుసు, మైత్రేయి తెలుసు. వాళ్ల ఇళ్లలో నీళ్లు మోసినామె సంగతి ఎవరికీ పట్టలేదు.

కాబట్టి ఈ ఉపన్యాసానికి ఒక షరతు పెట్టుకుందాం. కాలం కోరుకోవచ్చు, కడుపు కోరుకోకూడదు. ఏ తల్లి కడుపున పడతామో తెలియకుండా శతాబ్దాన్ని మాత్రం ఎంచుకోవాలి.

పాతవాటితో మొదలుపెడితే, రెండువేల ఏళ్ల కిందటి రాళ్లు మొదట ఆశపెడతాయి. నానేఘాట్ గుహలో సాతవాహన రాణి నాగనిక చేయించిన యాగాలూ దానాలూ బారెడు శాసనంగా ఉన్నాయి. నాసిక్‌లో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గొప్పను తానే చెక్కించింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తుంటే, ఆయన చెల్లెలు చాంతిసిరి బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. ఇంట్లో అన్నది ఒక మతం, చెల్లెలిది ఇంకొకటి. ఈనాటి కుటుంబాలు కొన్ని దీన్ని చూసి కళ్లు తేలేయాలి. అమరావతి స్తూపం దగ్గర దాతల వరస ఇంకా కిందికి దిగుతుంది. భిక్షుణులున్నారు, గృహిణులున్నారు, తల్లినీ భార్యనూ కలుపుకుని ఒక పలక ఇచ్చిన విధికుడనే చర్మకారుడున్నాడు. షరతు ఇక్కడ కొంత నిలబడుతుంది. కాకపోతే దానం ఇచ్చినరోజు తప్ప మిగతా రోజులు ఎలా గడిచాయో రాయి చెప్పదు.

కాకతీయుల దగ్గర కాసేపు ఆగాలి. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి పాతికేళ్లకు పైగా రాజ్యం చేసింది. శాసనాల్లో చాలాచోట్ల ఆమె రుద్రదేవ మహారాజు. సింహాసనం ఆడపిల్లకు దక్కింది గాని, మగపేరు కప్పుకుంటే తప్ప కుదరలేదు. మోటుపల్లి రేవు రాజ్యాన్ని ఏలిన రాణి గురించి మార్కో పోలో గొప్పగా రాశాడు. ఆమెను రాజు విధవరాలనుకోవడం ఆయన పొరపాటు. కూతురు తండ్రి గద్దె ఎక్కిందంటే విదేశీయుడి ఊహకు కూడా అందలేదన్నమాట. ఆమె చెల్లెలు గణపాంబ భర్త పోయాక ధరణికోట ప్రాంతాన్ని ఏలింది. రుద్రమ మరణం సంగతి సైతం నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక సేవకుడు 1289లో వేయించిన శాసనం వల్లే తెలిసింది. యుద్ధరంగంలో పోయిందని చరిత్రకారులు ఊహిస్తున్నారు.

అయితే షరతు పెట్టుకున్నాక రుద్రమ సింహాసనం కన్నా 1261 నాటి మల్కాపురం శాసనమే ఎక్కువ అక్కరకొస్తుంది. గణపతిదేవుడూ రుద్రమా తమ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చారు. ఆయన అక్కడ గుడి, మఠం, పాఠశాల, అన్నసత్రంతో పాటు ఆరోగ్యశాలనూ ప్రసూతిశాలనూ నెలకొల్పాడు. గ్రామాల ఆదాయాన్ని మూడు పాళ్లు చేసి ఒక పాలును వీటికి కేటాయించాడు. పదమూడో శతాబ్దంలో కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు, దానికి రాసిపెట్టిన రాబడి! ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ ప్రసూతిశాల చాపల మీద పడుకున్న తల్లుల పేర్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. అదే శాసనంలో గుడి నాట్యకత్తెలకూ జీతంగా భూమి ఉంది. ఆ కాలపు సానులు దేవుడి దీపానికి ఆవులూ గొర్రెలూ సమర్పించినట్టు ఊరూరా శాసనాలున్నాయి. ఇవ్వాలంటే ముందు సొంతానికి ఏదో ఉండాలి కదా.

విజయనగరం వంతుకు వస్తే, పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ చూసి రాసినవి రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకోవాలి. రాజుగారి నగరులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారు, జ్యోతిషం చెప్పేవాళ్లున్నారు, లోపలి ఖర్చుల లెక్క రాసేవాళ్లున్నారు. రాజ్య వ్యవహారాలు రాసుకుని బయటి రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసేవాళ్లు కూడా ఉన్నారు. అదే మనిషి అదే పుస్తకంలో భర్త చితి మీద భార్య కాలిపోవడాన్ని పూసగుచ్చినట్టు వర్ణించాడు. ఈ కాలం కోరుకునేవాళ్లు ఏ పేజీలో పుడతారన్నది చేతిలో లేదు.

ఇక తంజావూరు. తెలుగు ఆడదాని కలం అంత విచ్చలవిడిగా సాగిన చోటు పాత కాలంలో ఇంకొకటి కనిపించదు. రఘునాథ నాయకుడి కొలువులో రామభద్రాంబ సంస్కృతంలో కావ్యం రాసింది. విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ యక్షగానం రాసి కనకాభిషేకం అందుకుంది. పద్దెనిమిదో శతాబ్దంలో, మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలంలో, ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. కృష్ణుణ్ణి నిలదీసే రాధ, కోరికను దాచుకోని రాధ ఆమెది. తాను తంజనాయకి మనవరాలినని గర్వంగా చెప్పుకుంది.

ఈ స్వేచ్ఛ ఎవరికి? రాజనర్తకులకు, గణికలకు. కులస్త్రీకి అక్షరం నిషిద్ధమైన రోజుల్లో వాళ్లకు సంస్కృతం వచ్చు, సంగీతం వచ్చు. తమ ఆస్తి తాము అనుభవించగలరు, కూతురిని దత్తత చేసుకోగలరు. బదులుగా ఆ ఇంట పుట్టిన పిల్లను, ఆమె ఊహ తెలియకముందే, ఆ వృత్తికి రాసిచ్చేస్తారు. హైదరాబాదులో మహలఖా బాయి చందా (1768–1824) ఉర్దూ గజళ్లతో దివాన్ కూర్చింది, జాగీర్లు అనుభవించింది, మౌలాలి గుట్ట కింద తన కుటుంబానికి తానే సమాధి తోట కట్టించుకుంది. ఆమె ఇరుగుపొరుగు బేగముల పేర్లు ఎన్ని తెలుసు?

ముద్దుపళని కథ ఆమెతో ముగియలేదు. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్ర రాస్తూ ఆమెను వేశ్య అని తీసిపారేశారు, ఆడవాళ్లు వినకూడని రాతలన్నారు. అదే కులంలో 1878లో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మకు ఇది సహించలేదు. అంతకుముందు వచ్చిన అచ్చులో పద్యాలు ఎగరగొట్టారని గ్రహించి రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి చేత పూర్తి ప్రతి వేయించింది. సిగ్గన్నది ఆడదానికేనా, మగ కవులకు అక్కర్లేదా అని పీఠికలో కందుకూరి వారినే అడిగింది. పెద్దల ఫిర్యాదులతో మరుసటేడు ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. ఆ నిషేధం ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు తొలగింది. 1947లో మద్రాసు రాష్ట్రం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించే చట్టం చేసింది. పుస్తకానికి విడుదల, పుస్తకం పుట్టిన వ్యవస్థకు ముగింపు. రెండూ మంచివే. ఆ ఇళ్లలో అప్పటికే ముసలివాళ్లయిన పాటగత్తెల పోషణ సంగతి మాత్రం ఆ చట్టంలో లేదు.

కందుకూరి వారిని ఇక్కడ తేలిగ్గా మాట అని వెళ్లిపోవడం అన్యాయం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో బాలవితంతువు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో పెళ్లి చేసింది ఆయనే. చట్టం 1856 నుంచీ ఉంది, చేసే మనిషే లేడు. ఊరు వెలివేసి వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే వండింది, గోదావరి నీళ్లు తానే మోసింది. చరిత్ర పుస్తకంలో ఆ బిందెల లెక్క లేదు. అంటే 1881లో పుట్టిన పిల్లకు, పై కులంలో పుడితే, పలక పట్టకముందే వైధవ్యం రాసిపెట్టి ఉండొచ్చు. కింది కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. సంస్కర్తలు పోరాడి తెచ్చిన హక్కు వాళ్లకు పాత ఆచారమే. అక్కడ పుడితే కష్టం వేరే రూపంలో, వెట్టి రూపంలో వచ్చేది. దేశముఖుల ఆడపిల్లతో పాటు అత్తవారింటికి అరణంగా వెళ్లిన ఆడబాపలు నిజాం రాజ్యంలో ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఉన్నారు.

ఇంతవరకూ అన్నీ మనం ఎంచినవే. ఆడవాళ్లనే అడిగితే ఏమన్నారో చెప్పే పుస్తకం ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోబోయిన పంటకు అడ్డం నిలబడ్డ పాలకుర్తి చాకలి ఐలమ్మ, పదివేల రూపాయల వెల తల మీద మోసిన మల్లు స్వరాజ్యం, ఇంకా పేరు వినని ఎందరో ఆ కాలంలో ఉన్నారు. తిండి లేదు, నిద్ర లేదు, పోలీసు కాల్పులు. దళంలో పసిబిడ్డను ఉంచుకునే వీల్లేక ఇంకొకరి చేతుల్లో పెట్టి నడిచిపోయిన తల్లి కూడా ఆ పుస్తకంలో మాట్లాడుతుంది. అయినా వాళ్లలో కొందరు తమ బతుకులో బతికిన రోజులంటే అవేనన్నారు. పోరాటం ఆగాక పార్టీ ఇంటికి పొమ్మందని, మళ్లీ కుట్టుపనీ వంటా మిగిలాయని చెప్పేటప్పుడే గొంతుల్లో కోపం వస్తుంది.

ఆ అయిదేళ్లను ఎవరైనా కోరుకుంటారా? ప్రసూతిశాల లేదు, నిలకడ లేదు. కోరుకునేవాళ్లున్నారని ఆ పుస్తకం సాక్ష్యం.

చివరికి మన కాలానికి దగ్గరగా వద్దాం. తీరాంధ్రలో పసుపుకుంకుమల కింద కూతురికి నాలుగు ఎకరాలివ్వడం ఎప్పటినుంచో ఉంది. అది తండ్రి దయ. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశమంతటికీ వచ్చేసరికి 2005 అయింది. ఆంధ్రప్రదేశ్ సవరణలో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి ముందు పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే తండ్రి పిల్లలు, శ్రావణంలో పెళ్లయిన అక్కకు లేని వాటా కార్తీకంలో పెళ్లయిన చెల్లికి వచ్చింది.

మల్కాపురం ప్రసూతిశాల పని కూడా చాలామటుకు ముందుకు సాగింది. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు చనిపోయిన తల్లులు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. దేశం సగటు 97. కడుపు ఎంచుకోకుండా కాలం ఎంచుకోమంటే ఈ అంకెలున్న కాలాన్ని కాదని వెనక్కి వెళ్లేవాళ్లు అరుదు. ఒక్క లెక్క మాత్రం ఇంకా వెనకటి కాలంలోనే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. సర్వేవాళ్లు తలుపు తట్టి మాట్లాడిన ఆ ఆడపిల్లలంతా పుట్టింది 1985 చట్టం వచ్చాకే.