దవడ కీలు నొప్పి – సూదిమందుల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వైద్యుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల భారత భాగవతములు చదువుకొనువాడను. అట్టివాడు వైద్య విషయమున నోరు విప్పుట సాహసమే. కాని రెండేండ్ల క్రిందట నాకు నోరు విప్పుటయే గగనమైనది. ఆ బాధయే నాకీ సభలో మాటాడుటకు చనువిచ్చినది.

ఈ మందిరమున శనివారము రాత్రులు నేను భారతము చదువుట మీరెరుగుదురు. ఒకనాడు ద్రోణపర్వము నడుమ కుడిచెవి ముందు టక్కుమని చప్పుడైనది. ఆ పిమ్మట రెండు వ్రేళ్లు పట్టునంత కంటె నోరు తెరువరాలేదు. నాలుగు మాసములు పఠనము నిలిచినది. ఇక నా గొంతు ఈ మందిరమున వినబడదేమో యని లోలోపల కుమిలితిని.

దవడకు సంస్కృతమున హనువని పేరు. ఇంద్రుని వజ్రము తాకి ఎడమ హనువు విరుగుటచేతనే ఆంజనేయుడు హనుమంతుడాయెనని వాల్మీకి చెప్పెను. సుశ్రుతుడు హనుమోక్షమును దంతరోగములలో లెక్కించెను. తెరచిన నోరు మూతపడనిచో కాపడము పెట్టి, బొటనవ్రేళ్లతో దవడను నొక్కి, చూపుడువ్రేళ్లతో పైకెత్తవలెనని చరకుడు వ్రాసెను. నేటి వైద్యులును జారిన దవడను ఇంచుమించుగా ఇట్లే సరిచేయుచున్నారు. అది నేర్చినవారి పనియే గాని మన ఇండ్లలో చేయదగినది కాదు.

ఈ కీలు చెవికి ముందున్నది. తలుపు బందువలె తిరుగుటయే గాక, సొరుగువలె ముందునకు జారును. రెండెముకల నడుమ ఒక చిన్న బిళ్లయు, చుట్టును కందెన వంటి ద్రవమును గలవు. బిళ్ల స్థానము తప్పినచో చప్పుడును బిగువును కలుగును. కీలు వాచినచో ఒక విధమైన నొప్పి, నమలు కండరములు బిగిసినచో వేరొక విధమైన నొప్పి. సామాన్యముగా మనుష్యుని నోరు 40 మిల్లీమీటర్లకు తక్కువ గాక తెరచుకొనును. అనగా తన మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలెను.

పట్టణమున ఒక వైద్యుడు నా నోరు కొలువకయే వరుసగా సూదిమందులు వేయించుకొమ్మనెను. అందుకగు వ్యయము నా పొలము ఒక యేటి కౌలుకు మించినది. లెక్కలవాడను గనుక, చెల్లించుటకు ముందు జమాఖర్చు చూడదలచితిని.

మొదటిది స్టెరాయిడు. ఇది కీలులోని వాపును అణచును. ఉపశమనము శీఘ్రముగా కలుగవచ్చును. కాని మాటిమాటికి వేసినచో మృదులాస్థి చెడునను భయము గలదు. ఎదుగు పిల్లలయందు మరింత జాగ్రత్త వలయును.

రెండవది హయలూరానిక్ ఆమ్లము. దీనిని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనువారు గోవు కంటి ద్రవమునుండి వేరుచేసిరి. కీలు కందెనలో సహజముగానే ఇది యున్నది. హాని స్వల్పము, ఖర్చు హెచ్చు. లాభము విషయమున పరీక్షలు ఏకకంఠముగా పలుకుట లేదు.

మూడవది రోగి రక్తమునే యంత్రమున త్రిప్పి, ప్లేట్‌లెట్లు దట్టముగా నున్న భాగమును కీలులోనికి ఎక్కించుట. కొన్ని పరీక్షలలో మేలు కనబడినది. కాని తయారుచేయు పద్ధతి తలకొక తీరుగా నున్నందున ఒకరి ఫలితమును వేరొకరికి అన్వయించుట కష్టము.

నాలుగవది బొటులినమ్ విషము. ఇది కీలులోనికి గాక కండరములోనికి వేయబడును. సుమారు మూడు నాలుగు నెలలు కండరమును సడలించును. నమలు బలము తగ్గును. పలుమార్లు వేసినచో దవడ యెముక పలుచబడునేమోయని పరిశోధకులు శంకించుచున్నారు. బిళ్ల తప్పినవానికి దీనివలన బిళ్ల చోటికి రాదు.

వీనికి తోడు, రెండు సూదులు గ్రుచ్చి సెలైనుతో కీలును కడుగు పద్ధతి యొకటి గలదు. 1991లో నిట్జాన్, డోల్విక్, మార్టినెజ్ దీనిని వివరించిరి. నోరు హఠాత్తుగా బిగిసిన కొందరికి ఇది ఉపకరించినది. కీలు తరచు జారువారికి చక్కెర ద్రావణము వేయు పద్ధతియు గలదు.

ఇక నిలువ తేల్చుదము. మూడు నెలలకు మించిన నొప్పిని గూర్చి 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకములను ప్రకటించినది. దవడ వ్యాయామములు, చేతితో చేయు చికిత్స, మనస్సును బాధనుండి మరలించు శిక్షణ – వీనిని గట్టిగా సమర్థించినది. స్టెరాయిడు, హయలూరానిక్ ఆమ్లము, బొటులినమ్, కీలు కడుగుట – వీనిని సామాన్యముగా వలదన్నది. ఈ నిషేధము కఠినమైనది కాదు. ఇతరోపాయములు విఫలమైనచో వైద్యునితో ఆలోచించి కొందరు వీనిని కోరవచ్చును. ముందు వెనుకల క్రమమే ఇచట ముఖ్యము.

పిదప నేను దర్శించిన రెండవ వైద్యురాలు కొలబద్దతో నోరు కొలిచి, వ్యాయామములు నేర్పినది. వక్కలు మానితిని. గడ్డము క్రింద చేయి ఆనించి లెక్కలు వ్రాయు అలవాటు మానితిని. మెత్తని అన్నము, వేడి కాపడము, దినమునకు పలుమార్లు మెల్లని సాధన – మూడు నెలలకు మూడు వ్రేళ్లు పట్టినవి. టక్కుమను చప్పుడు నేటికిని గలదు. నొప్పి లేని చప్పుడునకు చికిత్స అక్కరలేదని ఆమె చెప్పినది. నా యొక్కని అనుభవము అందరికి ప్రమాణము కాదు.

ఒక హెచ్చరిక. నడచునపుడు దవడ లాగుచు, రొమ్ము బరువెక్కినచో అది గుండెపోటు కావచ్చును. గాయము తగిలిన కొన్నాళ్లకు దవడ బిగిసినచో ధనుర్వాతము కావచ్చును. అట్టివేళ వ్యాయామములు చేయుచు కూర్చుండక తక్షణము ఆసుపత్రికి పోవలెను.

సోదరులారా! సూది వేయుదునన్న వైద్యుని వినయముగా అడుగుడు: నొప్పి కీలుదా, కండరముదా? ఈ మందు ఎన్నాళ్లు పనిచేయును? దీనికంటె తేలిక యుపాయము ముందుగా చూచితిమా? మేలు కలుగనిచో ఎప్పుడు ఆపుదుము? ప్రశ్నించు జ్ఞానమును నాకిచ్చినది ఈ గ్రంథాలయమే. నిలిచిన ద్రోణపర్వమును మరల ఇచటనే ముగించితిని. వచ్చు శనివారము కర్ణపర్వము ప్రారంభమగును. అందరును దయచేయ ప్రార్థన.

స్వస్తి.