తగ్గించుకోవాల్సింది ఎవరు?

(విజయవాడలో ఆదివాసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)



"డీగ్రోత్" అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. అవసరానికి మించి వాడేచోట ఆ వాడకాన్ని, ఉత్పత్తిని కావాలనే తగ్గించుకోవడం అని దాని అర్థం. వినగానే మనోళ్లు అడుగుతారు: "మా ఊరికి ఇంకా రోడ్డే రాలేదు, ఇంకేం తగ్గించుకోవాలి?" న్యాయమైన ప్రశ్న. అందుకే మనం ముందు తేల్చుకోవాల్సింది, తగ్గించుకోవాల్సింది ఎవరు అని.

2024 సెప్టెంబర్‌లో ఈ నగరాన్ని మీరు చూశారు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, రికార్డుల్లో అంత ఎప్పుడూ లేదు. గాలి వేడెక్కే కొద్దీ ఎక్కువ తేమ మోస్తుంది, కురిస్తే ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఏరు పారే జాగాలో ఇళ్లు కడితే ఆ నీళ్లు ఎటు పోవాలి? కార్లు, ఏసీలు ఎక్కువ వాడినోళ్లు ఒకచోట, మునిగిన కూలీల ఇళ్లు ఇంకోచోట.

ఇక గోదావరి వైపు చూడండి. 2015 నుంచి పట్టిసీమ పంపులతో గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. డెల్టా రైతు మనకి శత్రువు కాదు, ఆయన పంట పండాలి. కానీ పోలవరంలో దాదాపు లక్ష కుటుంబాలు నిర్వాసితుల లెక్కలో ఉన్నాయి. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో మీకు తెలుసు. "నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి?" అని అందరూ అడిగారు. "ఎంతైతే చాలు?" అని అడిగినోళ్లు తక్కువ.

సీలేరు కరెంటు మన కొండల్లో పుట్టి మైదానానికి పోతోంది. ఇప్పుడు కాలుష్యం లేని కరెంటు పేరుతో అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు తలపెట్టారు. వాడకం తగ్గకుండా కరెంటు రకం మాత్రమే మారిస్తే, పోయేది మళ్లీ మన కొండే.

కాబట్టి మన మాట సూటిగా చెబుదాం. మనకి బడి, ఆసుపత్రి, రోడ్డు, కరెంటు పెరగాలి. తగ్గాల్సింది అవతల జరిగే దుబారా. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని 2013 భూసేకరణ చట్టమే చెబుతోంది. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆ సెక్షన్ 41ని మన భాషలో పెద్దోళ్లకి చదివి వినిపించండి. ఏ ప్రాజెక్టు వచ్చినా గ్రామసభలో రెండు ప్రశ్నలు రాయించండి: ఎవరి కోసం? ఎంత వరకు?

జై ఆదివాసీ!