కొండమీద ఫోటో

మా నాతవరం నుంచి నర్సీపట్నం మీదుగా ఘాటీ ఎక్కితే లంబసింగి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అబ్బాయి దుబాయి వెళ్ళేముందు, మొన్న డిసెంబరులో, ఇంటిల్లిపాదీ అక్కడ ఫోటోలు తీయించుకుందామనుకున్నాం.

ఫోటోగ్రాఫరేమో చెరువులవేనం కొండమీద, కింద పొగమంచు పరుచుకుని ఉండగా, సూర్యోదయానికి తీద్దామంటాడు. మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. చీకట్లో ఆ చలికి ఎలా ఎక్కించడం? "నన్నొదిలేసి వెళ్ళండర్రా" అన్నారావిడ. ఆవిడ లేని ఫోటో ఎందుకు చెప్పండి? మామగారు పోయినప్పుడు విడి ఫోటో దొరక్క, ఎవరిదో పెళ్ళి గ్రూపులోంచి ఆయన ముఖం తీసి పెద్దది చేయించాం. ఆ పటంలో ఆయన భుజంమీద ఎవరిదో చెయ్యి ఇప్పటికీ ఉంది!

అందుకని కారు వెళ్ళే చోటే చాలన్నాను. తాజంగి జలాశయం దగ్గరికి ఖాయం చేశాం. మంచు విడకపోతే మరో రోజు రావాలనీ, ఎన్ని కాపీలివ్వాలో అదీ, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితంమీద రాయించాను. మొహమాటపడకండి. మంచులో తెల్లచీరలు కలిసిపోతాయి, ముదురురంగులు కట్టుకోండి. కుర్చీ, శాలువా, ఫ్లాస్కులో కాఫీ మరవకండి.

తిరుగుదారిలో అత్తగారు మెల్లగా, "అమ్మాయ్, నాది విడిగా కూడా తీశాడా?" అన్నారు.

తీశాడన్నాను.