కదలెడి ఇంటికి కిటికీ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన పిదప మన డెల్టా కాలువలపై గూటిపడవలు బహుకాలము ప్రయాణికులను చేరవేసినవి. ఆ పడవప్రయాణపు ముచ్చటను నేడు కొందరు వ్యానులో తీర్చుకొనుచున్నారు. మేమును అట్టివారమే. మా అమ్మగారికి అంతర్వేది చూపదలచి, పాత వ్యానును ఇల్లుగా మార్చుకొంటిమి.

కిటికీకి లోపలి టేకుచట్రమును సందులేకుండ రేకునకే బిగించితిమి. శ్రావణమాసపు తేమకు కొయ్య ఉబ్బినది; గతుకులకు రేకు అదరినది. మూలలు చీలి, అద్దము సడలి, ఒకరాత్రి వాననీరు అమ్మగారి పడకను తడిపినది.

తాళ్లరేవులో పడవలు చేయు వృద్ధుడైన వడ్రంగి దానిని చూచి, "కదిలేదానికి కాస్త చోటివ్వాలి బాబూ!" అన్నాడు.

ఆయన చెప్పినట్లు, ముందుగా గోడవంపును అట్టపై గీసికొని, దానికి సరిగా కొయ్యను చెక్కితిమి. చట్రమును రేకునకు గాక లోపలి ఇనుపబద్దలకు మరమేకులతో పట్టించితిమి. చుట్టును కొద్ది సందు విడిచి రబ్బరుపట్టీ అమర్చితిమి. అద్దముపై పట్టిన చెమ్మ నిలువక జారునట్లు అడుగుచెక్కను ఏటవాలుగా చిత్రికపట్టి, నీరు వెలుపలికి పోవుటకు చిన్న రంధ్రములుంచితిమి.

తరువాతి వానలో అమ్మగారు తెల్లవారువరకు సుఖముగా నిద్రించిరి. బండికి కిటికీ పెట్టువారు బిగువుకంటె ముందు ఈ సందును చూచుకొనవలెనని మా మనవి.