లేగదూడకు ముర్రుపాలు



ఆవు ఈనినదని వినగానే మన యిండ్లలో మొదట కదలునది జున్నుగిన్నె. ఇరుగుపొరుగువారికి, వియ్యాలవారికి ముర్రుపాలు పంపుట మన మర్యాద. బెల్లము, మిరియాలు వేసిన జున్నుపై నాకును మక్కువ గలదు. కాని ఆ పాలు ఎవరి వంతునుండి వచ్చుచున్నవో నేడు మనవి చేయదలచితిని.

మానవశిశువునకు తల్లిగర్భమందే కొంత రోగనిరోధకశక్తి సంక్రమించును. ఆవు, గేదెలయందట్లు గాదు. వాని మాయ ఆ రక్షకపదార్థములను కడుపులోని దూడకు పోనీయదు. దూడ ఏ రక్షణయు లేకయే నేలబడును. ఆ రక్షణ యంతయు ముర్రుపాలలోనే యున్నది. దూడ ప్రేవులు దానిని రక్తములోనికి గ్రహింపగల కాలము మిక్కిలి స్వల్పము. పుట్టిన మొదటి 2 గంటలు ఉత్తమము. 6 గంటలు దాటినకొలది ఆ శక్తి సన్నగిల్లును. 24 గంటలకు ఇంచుమించు ముగియును. మరునాడు కడవెడు త్రాపినను ఆ లోపము తీరదు. అట్టి దూడ పారుడురోగమునకు సులభముగా లోబడును. బ్రతికినను ఎదుగుదల కుంటుపడి, కోడె కాడికి, పెయ్య చూలికి ఆలస్యముగా వచ్చును. 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను శాస్త్రజ్ఞులు ముర్రుపాలు లేక పెంచిన దూడలలో అధికభాగము మరణించుట చూపిరి.

మాయ పడువరకు దూడను పొదుగుకడకు పోనీయరాదని కొన్ని పల్లెలలో పట్టుదల గలదు. నేడు నేను ముఖ్యముగా చెప్పవచ్చినది దీనిని గురించియే. మాయ పడుటకు 8, 10 గంటలు పట్టవచ్చును. అంతలో దూడకు అమూల్యమైన కాలము గడచిపోవును. నిజమునకు దూడ చన్ను కుడుచుటవలన గర్భాశయము ముడుచుకొని, మాయ పడుటకు తోడ్పాటే కలుగును. ఇంట పెద్దలు వారించినను వినయముగా వారిని ఒప్పింపుడు.

పొదుగు కడిగి, మొదటి రెండు ధారలు నేల పిండి, దూడకు చన్నందింపుడు. దూడ బరువులో పదవవంతు పాలు, అనగా 20 కిలోల దూడకు 2 లీటర్లు, మొదటి పూటలోనే రెండు మూడు విడతలుగా చేరవలెను. కుడువలేని దూడకు పిండినపాలు వేడి చల్లారకమునుపే సీసాతో మెల్లగా త్రాపుడు. తల మిక్కిలి పైకెత్తినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. ముర్రుపాలను కాచరాదు. జున్ను గట్టిపడుట యనగా ఆ రక్షకపదార్థములు వేడికి గడ్డకట్టుటయే గదా! తల్లి చనిపోయినచో అప్పుడే ఈనిన వేరొక ఆవు ముర్రుపాలు పనికివచ్చును. బొడ్డునకు టింక్చర్ అయోడిన్ అద్దుట మరువకుడు.

గేదె ఈనినను ఇదియే పద్ధతి, దున్నదూడయని ఉపేక్షింపరాదు.

ఇక జున్ను మాట. రెండవనాటి సాయంకాలము దూడ కడుపార కుడిచి పరుండిన పిదప పొదుగున మిగిలినది మీది. అప్పుడు వండుకొనుడు. వియ్యాలవారు ఒకదినము వేచియుండగలరు.