పక్కింటి గోల్

(ఢిల్లీ పరిసరాల్లో పనిచేస్తున్న మన తెలుగు సిబ్బంది కుటుంబాల సంక్రాంతి కలయికలో చేసిన ప్రసంగం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నప్పుడు అలవాటు కొద్దీ మొండి బాకీల మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను. మా ఆవిడ ఆ కాగితం చూసి, "పండగపూట పిల్లాపాపలతో వచ్చినవాళ్లకి ఇదా చెప్పేది? ఇంట్లో సంగతేదైనా చెప్పండి" అంది. ఇంట్లో సంగతులు బయట చెప్తే మళ్లీ ఇంట్లో ఏమవుతుందో మీకందరికీ తెలుసు. అయినా అనుమతి ఆవిడే ఇచ్చింది కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మాది ఘజియాబాద్ వైశాలిలో మూడు గదుల ఫ్లాటు. ఒకసారి దీపావళి సెలవుల్లో, బ్రాంచి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినట్టు ఇల్లంతా తిరిగి వస్తువుల పట్టీ రాశాను. ఫోన్లు ఆరు, పనిచేసేవి నాలుగు. చార్జర్లు పదకొండు, కావలసినప్పుడు దొరికేది సున్న. గాలి శుభ్రం చేసే యంత్రాలు రెండు. నవంబరు వచ్చిందంటే మా ఇంట్లో మనుషుల మొహాలకన్నా వాటి ఎర్రలైటు వంకే అందరం ఎక్కువ చూస్తాం. ఇన్వర్టరు ఒకటి, నీళ్ల ఫిల్టరు ఒకటి, నడుముకి వేడి పెట్టే బెల్టు ఒకటి. ఒక మర్ఫీ వాల్వు రేడియో. ఆఖర్న, డ్రాయర్లో చిన్న డబ్బాలో, వాడకంలో లేని వస్తువు: చెవి మిషన్, ఒక జత.

రేడియో సంగతి ముందు చెప్తాను. అది మా నాన్న సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నది. చిన్నప్పుడు మా ఇంట్లో దాని మీద లేసు గుడ్డ ఉండేది, దాని ముందు మేం నోరెత్తకూడదు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేవి. అది మూగబోయి ముప్పై ఏళ్లయింది. నేను ఢిల్లీ బదిలీ మీద వచ్చాక, ఎర్రకోట ఎదురుగా లాజ్‌పత్ రాయ్ మార్కెట్ అని ఒక మాయాబజారు ఉందని కనిపెట్టాను. వైర్లు, స్పీకర్లు, కెపాసిటర్లు కుప్పలుగా పోసి అమ్ముతారు. ఆదివారాలు ఆ పాత సర్క్యూటు ముందేసుకుని కూర్చోవడం నా వ్యసనం. రెండు సంవత్సరాల్లో దానికి గొంతు తెప్పించాను. వాల్వు రేడియో కదా, స్విచ్ వేశాక దీపాలు వేడెక్కి మాట రావడానికి ఒక నిమిషం పడుతుంది.

మూగ రేడియోకి మాట తెప్పించడానికి రెండేళ్లు ఓపిక పట్టినవాణ్ణి, చెవి మిషన్ దగ్గర మాత్రం వారం కూడా పట్టలేదు. ఈ రోజు చెప్పాలనుకున్నది అదే.

2021లో అమ్మ పోయింది. ఆ మరుసటి ఏడాది నాన్నని మా దగ్గరికి తీసుకొచ్చాను. ఆయనకి అప్పటికి ఎనభై దాటింది. అల్వాల్‌లో వాకిట్లో కుర్చీ వేసుకుంటే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ పలకరించే మనిషి. ఇక్కడ పదకొండో అంతస్తు. లిఫ్టులో వాళ్లు హిందీలో నమస్తే అంటే ఈయన ఉర్దూలో ఆదాబ్ అంటాడు, అంతటితో సరి. చెవులు అంతకుముందే మందగించాయి. మేం పిలిస్తే పలకరు, మూడోసారి గట్టిగా పిలిస్తే "అరుస్తవెందుకురా?" అంటారు.

డాక్టరు పరీక్ష చేయించి, గీతలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. వయసుతో ముందు పోయేవి సన్నని శబ్దాలట. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. మా ఆవిడ "చారు పోయనా" అంటే ఆయనకి అందేది "ఆ... ఓ... ఆ". ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు అన్నిటికన్నా కష్టం. నా గొంతు కొంత నయం. కానీ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేది నేనే.

జత మిషన్లు కొన్నాం. నా నెల జీతంలో సగం పైనే. మిషన్ అమర్చినావిడ చాలాసేపు చెప్పింది: మొదట్లో అన్నీ గట్టిగా వినిపిస్తాయి, కుక్కర్ కూత, ఫ్యాను, పేపరు చప్పుడు అన్నీ ఒకేసారి మీద పడతాయి, మెదడు వాటిని సర్దుకోవడానికి వారాలు పడుతుంది, రోజూ కొంచెం కొంచెం పెట్టండి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి, ఇంకో గదిలోంచి పిలవకండి, అరవకండి. నేను తలూపుతూ ఫోనులో డబ్బు పంపేశాను. మనవాళ్లకి తెలుసు కదా, సొమ్ము చెల్లించాం, రసీదు తీసుకున్నాం, ఖాతా మూసేశాం. నా మనసులో నాన్న చెవుల ఖాతా ఆ రోజుతో మూతపడింది.

నాలుగు రోజులు పెట్టుకున్నారు. ఐదో రోజు తీసి డ్రాయర్లో పెట్టేశారు. ఎందుకు నాన్నా, అంత డబ్బు పోసి కొన్నాం కదా అని అడిగాను. సోఫాలో నేనో ఫోను, మా ఆవిడో ఫోను, లోపలి గదిలో మా అమ్మాయి ఇంకో ఫోను. ఆయన ముగ్గురి వంకా చూసి నింపాదిగా అన్నారు: "ఇంట్ల వినేటందుకు ఏమున్నదిరా?"

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ, కోపమే వచ్చింది. డబ్బు గురించి ఇంకో రెండు మాటలు అన్నాను. ఆయనకి వినపడలేదు. వినపడకపోవడం నా అదృష్టం అని ఇప్పుడనుకుంటున్నాను.

ఇక ఫుట్‌బాల్. 2022 డిసెంబరు 18, ఆదివారం. అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనలు. మన టైము ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలు. మా అమ్మాయి అప్పుడు పదకొండో క్లాసు, మెస్సీ అంటే ప్రాణం. ఇంటర్నెట్టు మీద టీవీలో పెట్టింది. నాన్న కూడా వచ్చి కూర్చున్నారు, మిషన్ లేకుండా. 1986లో మా బ్లాక్ అండ్ వైట్ టీవీలో మెక్సికో మ్యాచ్‌లు రాత్రి పదకొండున్నరకి మొదలయ్యేవి. ఇంగ్లండ్ మీద మరడోనా చేత్తో వేసిన గోల్ కోసం నన్ను నిద్ర లేపింది ఆయనే. పొద్దున్నే స్కూలుందని అమ్మ తిట్టిన తిట్లు నాకింకా జ్ఞాపకం.

మీలో చాలామందికి ఈ బాధ అనుభవమే. ఇంటర్నెట్టు మీద వచ్చే ఆట డిష్ మీద వచ్చే ఆటకన్నా కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. బొమ్మని ముక్కలు చేసి, కొన్ని ముక్కలు ముందే పోగు చేసుకుని, అప్పుడు చూపిస్తుంది కాబట్టి. పక్క ఫ్లాటు వాళ్లది డిష్. ఇరవైమూడో నిమిషంలో మా టీవీలో మెస్సీ ఇంకా పెనాల్టీకి బంతి సర్దుకుంటున్నాడు, పక్కింట్లో కేకలు! తన్నకముందే గోల్ అని తెలిసిపోయింది. డి మారియా గోల్ అయితే మరీ అన్యాయం. అసలు బంతి ఇంకా సగం మైదానం దాటలేదు, గోడ అవతల డాన్సు. మా అమ్మాయి దిండు విసిరికొట్టింది.

అప్పుడు చూస్తే, ఇంట్లో ఆ గోల్‌ని గోల్‌లాగా చూసినవాడు ఒక్కడే. నాన్న. బంతి వలలో పడ్డాక కుర్చీలోంచి సగం లేచి "వేసిండ్రా!" అని అరిచారు. ఎనభై రెండేళ్ల మనిషి. మా అమ్మాయి నోరు తెరిచి చూసి, పడీ పడీ నవ్వి, "తాతా, మ్యాచ్ లైవ్‌లో చూస్తోంది నువ్వొక్కడివే" అంది. ఆయనకేం అర్థం కాలేదు. చెవి దగ్గర అరిచింది, అందలేదు. ఫోనులో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించింది.

హాఫ్ టైములో ఆయన లేచి వెళ్లి డ్రాయర్లోంచి డబ్బా తెచ్చారు. ఈ జోకు తనూ వినాలట. మిషన్‌లో సెల్లు అయిపోయి ఉంది. ఆ సెల్లు గాలితో పనిచేసేవి, ఒకసారి స్టిక్కరు పీకితే వాడినా వాడకపోయినా అరిగిపోతాయి. అదృష్టవశాత్తు కొత్త రేకు ఉంది. మా అమ్మాయి గోధుమరంగు స్టిక్కరు పీకి, "గాలి పట్టడానికి ఒక్క నిమిషం ఆగాలి తాతా" అని వేలు చూపించింది. ఆయన మూల బల్ల మీదున్న మర్ఫీ వంక చూసి, "దాని లెక్కనే" అన్నారు.

ఎనభయ్యో నిమిషం దాకా ఏం లేదు. ఆ తర్వాత రెండు నిమిషాలు కూడా గడవకుండా ఎంబాపే రెండు గోల్స్ కొట్టాడు. పక్కింట్లో ఏడుపులాంటి కేక వినగానే నాన్న గోడ వంక వేలు చూపించి, కళ్లార్పకుండా టీవీ చూసి, బంతి లోపలికి పోగానే చప్పట్లు కొట్టి నవ్వారు. జోకు అందింది. ఎక్స్‌ట్రా టైము మొదలయ్యేటప్పటికి రెండు చెవుల్లోంచీ మిషన్లు తీసి జేబులో వేసుకున్నారు. అదేంటి నాన్నా అంటే, "నాకు ముందే తెల్వద్దు" అన్నారు. పెనాల్టీల్లో ఆఖరిది మోంటియెల్ కొట్టేదాకా ఆ ఇంట్లో ఉత్కంఠ అనుభవించింది ఆయనొక్కరే. మేమంతా పక్కింటివాళ్ల దయ మీద బతికాం.

ఇంతటితో అంతా బాగైపోయిందని చెప్తే అబద్ధం. మిషన్ మళ్లీ డ్రాయర్లోకే వెళ్లింది.

రెండు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున. నేను గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాను. నాన్న పేపరు పట్టుకుని వచ్చి, "బలరాం పోయిండు" అన్నారు. "ఏ బలరాం? కింద గేటు దగ్గరుండే అతనా?" అన్నాను. ఆయనకి ఎలా వినపడిందో గానీ వినపడింది. "కాదు లే. నీకు తెల్వదు" అని బాల్కనీలోకి వెళ్లిపోయారు.

మెట్రోలో నిలబడి ఫోనులో చదివాను. తులసీదాస్ బలరాం. మా అల్వాల్‌కి కూతవేటు దూరంలో ఉన్న అమ్ముగూడలో పుట్టినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. అనారోగ్యంతో చిన్న వయసులోనే ఆట మానేశాడు. యాభై ఏళ్లు వచ్చినా, మా పక్క ఊరివాడి పేరు నేను గేటు మనిషి పేరనుకున్నాను.

ఆ సాయంత్రం త్వరగా వచ్చి, ఆయన కుర్చీకి ఎదురుగా మోడా వేసుకుని కూర్చున్నాను. మిషన్ అమర్చినావిడ చెప్పినట్టు, ఎదురుగా, నెమ్మదిగా. "బలరాం గురించి చెప్పు నాన్నా" అన్నాను. ఆయన లేచి వెళ్లి మిషన్ పెట్టుకుని వచ్చారు. చెప్పేది ఆయనే అయినా పెట్టుకున్నారు, నేను మధ్యలో ప్రశ్నలు వేస్తానని.

రెండు గంటలు చెప్పారు. సైకిళ్ల మీద డబుల్స్ పోతూ ఫతే మైదాన్ చేరడం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలవడం, ఆ జట్టుని తయారు చేసిన రహీం సాబ్. నాన్న ఆటగాడని నాకు తెలుసు గానీ రైల్వే మైదానంలో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడని ఆ రోజే తెలిసింది. ఉద్యోగంలో చేరాక, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాక ఆడదామనుకుని బూట్లు దాచుకున్నాడట. పెళ్లిళ్లయ్యేసరికి ముప్పై నాలుగేళ్లు. ఆ బూట్లేమయ్యాయని మా అమ్మాయి అడిగింది. "మీ నాయనమ్మ స్టీలు సామానోడికి ఏసింది. గిన్నె వచ్చింది" అన్నారు. ఆ గిన్నె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. పెరుగు తోడుపెట్టేది అందులోనే.

మార్చిలో ఒక ఆదివారం ఆంధ్రా భవన్‌లో భోజనం చేసి, నాన్న అడిగారని ఇండియా గేట్ పక్కన నేషనల్ స్టేడియం దగ్గరికి వెళ్లాం. నేను ఎన్నిసార్లు ఆ దారిన పోయానో లెక్కలేదు. మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ 1951లో జరిగింది అక్కడే. రహీం సాబ్ శిక్షణలో మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో గెలిచింది, గోల్ మేవాలాల్‌ది. అప్పటికి మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడేవాళ్లు. నాన్నకి అప్పుడు పదకొండేళ్లు. బయట నిలబడి చాలాసేపు చూశారు. "ఇప్పుడిక్కడ హాకీ ఆడతారు తాతా" అంది మా అమ్మాయి. "ఆడనీ. ఆ గోల్‌పోస్టు ఏ దిక్కునుండెనో" అన్నారు. మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఫోనులో కూడా దొరకలేదు.

2024లో రహీం సాబ్ మీద 'మైదాన్' వచ్చినప్పుడు మాల్‌కి తీసుకెళ్లాం. ఇంటర్వెల్లో మిషన్ తీసేశారు. "సిన్మ మంచిగనే ఉన్నది, సౌండే ఎక్కువున్నది."

భోజనాల దగ్గర ఫోన్లు స్టీలు డబ్బాలో వేయాలని ఒక నియమం పెట్టుకున్నాం. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది, డబ్బా తెరిచింది నేనే.

మా అమ్మాయి ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తుంది. మిషన్‌కీ ఫోనుకీ సంధానం చేసి వెళ్లింది, మాట నేరుగా ఆయన చెవుల్లోనే పడుతుంది. మాతో రెండు నిమిషాలు, ఆయనతో పావుగంట. ఏం మాట్లాడుకుంటారో మాకు తెలియదు, మాకు వినపడదు కదా. పక్కన కూర్చుని ఆయన మొహం చూస్తూ, అక్కడ ఏమంటోందో ఊహించుకుంటూ ఉంటాం. ఎనిమిదీ ముప్పావుకే ఆయన కొత్త సెల్లు స్టిక్కరు పీకి, వేలి మీద పెట్టుకుని, గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టడం మాత్రం రోజూ చూస్తాను.

నాన్న మూడో వరుసలో మా ఆవిడ పక్కన కూర్చున్నారు. పొద్దున మిషన్ పెట్టుకునే బయల్దేరారు. కాబట్టి ఒక మనవి. చప్పట్లు కొట్టదలుచుకుంటే కాస్త మెల్లగా కొట్టండి. ఆ మిషన్‌లో చప్పట్లు మరీ గట్టిగా వినిపిస్తాయట.

సెలవు.